మందుపాతర్ల గడువు ఎన్నోసారో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారమండి.

మందుపాతర్లు తీయడానికి గడువు మళ్ళీ పొడిగించారని పదిరోజుల కిందట విదేశీ వార్తల పేజీ అడుగున నాలుగు లైన్లేశారు. అప్పుడే రాద్దామనుకున్నా, సార్వా మాసూళ్ళతో కుదర్లేదు.

నేను ఆర్మీ ఇంజనీర్స్‌లో చేసి వచ్చినవాణ్ణి. 2001 డిసెంబర్లో సైన్యం బోర్డర్‌కి కదిలినప్పుడు రాజస్థాన్‌లో మైన్లు పాతాం, మరుసటేడు మేమే తీశాం. బోర్లా పడుకుని సన్నటి ఊచని ఏటవాలుగా, మెల్లగా ఇసకలోకి దించాలి, నిలువుగా గుచ్చితే మైను నెత్తినే పడుద్ది. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ డబ్బా అది, ఇనుము దాదాపు ఉండదు, డిటెక్టర్‌కి దొరకడమే కష్టం, పైగా గాలికి ఇసక కదిలిపోయి మ్యాపులో ఒకచోట ఉంటే మైను ఇంకోచోట ఉంటది. మా సెక్షన్లో పాలకొల్లు వైపు కుర్రాడికి కుడిపాదం పోయింది. అందుకే గడువు అసలివ్వొద్దని నేననను.

కానీ మనుషుల మీద వాడే మందుపాతర్లని నిషేధిస్తూ దేశాలు చేసుకుని, 1999లో అమల్లోకొచ్చిన ఒట్టావా ఒప్పందం ప్రకారం చేరిన దేశం పదేళ్ళలో నేలంతా శుభ్రం చెయ్యాలి, కుదరకపోతేనే గడువు అడగాలి. ఆ కుదరకపోవడమే ఇప్పుడు అలవాటైపోయింది. కంబోడియాకి 2010 అన్నది 2020 అయింది, తర్వాత 2025 అయింది. బ్రిటన్ అంత డబ్బున్న దేశం ఫాక్లాండ్ దీవుల్లో పని 2020కి గానీ ముగించలేదు, బీద దేశం మొజాంబిక్ 2015కే తీసేసింది. మరి దీన్నేమనాలి?

ఇక్కడ మా మురుగుకోడు సంగతీ ఇంతే. వేసవిలో కాలవలు కట్టేసిన నెలన్నరలో పూడిక తీసి గుర్రపుడెక్క లాగెయ్యాలి, పని మొదలెట్టేదే మే నెలాఖర్న, ఈలోగా నీళ్ళొదిలేస్తారు, గడువు పెంచాం అంటారు. బోర్డు మీద తేదీకి రెండుసార్లు సున్నం కొట్టి కొత్తది రాశారు, కిందనుంచి పాత తేదీ ఇంకా కనపడుతూనే ఉంది. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే పెట్టింది ఈ మురుగు బాధ కూడా ఉండబట్టే కదా. గడువు పెంచిన ఆఫీసర్ ట్రాన్స్‌ఫరై పోతాడు, చేను మాత్రం పదేసి రోజులు నీళ్ళలోనే ఉంటది. మైన్లున్న దేశాల్లోనూ గడువు పెంచినవాళ్ళ కాలు పోదు, మేకలు తోలుకెళ్ళే పిల్లాడిది పోద్ది.

మన దేశం ఆ ఒప్పందంలో చేరనే లేదు, ఆ మాట మీ వార్తలో లేదు. ఫిన్లాండ్, పోలండ్, లిథువేనియా, లాత్వియా, ఎస్తోనియా 2025లో బయటికి పోతామన్నాయి, అదీ రాయలేదు. మైన్లు తియ్యడానికి టైం అడగడం ఒకటి, మళ్ళీ పాతుకుంటామని తలుపు తీసుకు పోవడం ఇంకోటి, నాకైతే ఆ రెండోది చదివిన రాత్రి నిద్రపట్టలేదు.

ఈసారి వేసినప్పుడు ఏ దేశం, గడువు అడగడం ఎన్నోసారి, ఇంకా ఎంత నేల మిగిలింది, ఈ మూడూ తప్పకుండా రాయండి. ఎకరాల్లో రాస్తే మావాళ్ళకి ఇట్టే తెలుస్తది.

ఇట్లు,
ఒక మాజీ జవాను, రాజోలు దగ్గర