తవ్వకపోతే సరే, మోయడం మాటేమిటి?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం పేజీలో తవ్వకుండా కూరగాయల మడి సాగు చేయడం గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఆ పద్ధతితో నాకు పేచీ లేదు, నేనూ అలాగే చేస్తున్నాను. పేచీ అంతా ‘ఏమాత్రం శ్రమ లేకుండా’ అన్న శీర్షికతోనే. నాది డిస్కు జారిన నడుము. ఐదు కిలోలకు మించి ఏదీ ఎత్తొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. తలా ఒక మడి తీసుకుని సాగు చేసుకునే ఉమ్మడి తోటలో నాకూ ఒకటి ఉంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ లెక్కలు రాసిన అలవాటు కొద్దీ మీ వ్యాసం పక్కన పెన్సిలుతో ఓ లెక్క వేశాను.

‘నేల మీద అట్టలు పరిచి, ఐదు సెంటీమీటర్ల మందాన కంపోస్టు వేయండి, అంతే’ అన్నారు రచయిత. అంతేనా? ఒక చదరపు మీటరు నేలకు ఆ మందాన వేయాలంటే 50 లీటర్ల కంపోస్టు కావాలి. తేమగా ఉన్న కంపోస్టు లీటరు అర కిలోకు పైనే తూగుతుంది. నా మడి వెడల్పు 120 సెంటీమీటర్లు, పొడవు ఐదు మీటర్లు. అంటే ఆరు చదరపు మీటర్లు, 300 లీటర్లు, తక్కువలో తక్కువ 150 కిలోలు. వానకు నానిందంటే ఇక తడిసి మోపెడే. పార పక్కన పెట్టిన మాట నిజమే గానీ, ఆ బరువంతా బకెట్లోకి వచ్చి చేరింది. మోసేది మాత్రం మేమే.

తవ్వొద్దనడానికి నా నడుమొక్కటే కారణం కాదు లెండి. నేలను తిరగేసిన ప్రతిసారీ అడుగున పడి ఉన్న కలుపు గింజలు పైకొస్తాయి. చిన్న గింజల్లో చాలావాటికి కాస్త వెలుతురు తగిలితే చాలు, మొలకెత్తుతాయి. వాటి ఓపిక సామాన్యమైంది కాదు. అమెరికాలోని మిషిగన్‌లో విలియం బీల్ అనే వృక్షశాస్త్రవేత్త 1879లో గింజల్ని ఇసుకతో కలిపి, సీసాల్లో నింపి పాతిపెట్టాడు. వాటిలో ఒక సీసాను 2021లో బయటికి తీస్తే, 140 ఏళ్లు దాటాక కూడా అందులో కొన్ని మొలిచాయి. అలాంటి గింజల్ని పని గట్టుకుని పైకి తేవడం దేనికి? ఇక నేలను గుల్ల చేసే పని వానపాములకు వదిలేయొచ్చు. ఇంగ్లండులో చాలాచోట్ల ఎకరానికి ఏడాదికి పది టన్నులకు పైగా మట్టి వాటి ఒంట్లోంచి పోయి వస్తుందని డార్విన్ 1881లో లెక్క చెప్పాడు. వాటికి ఏ డాక్టరూ అడ్డు చెప్పలేదు మరి.

నేను చెప్పదలుచుకున్నదల్లా ఒకటే. ఎరువు మోయకూడదంటే అది మడిలోనే తయారవ్వాలి.

పంట తీసేసిన మడిలో జనుమో, పిల్లిపెసరో చల్లుతాను. గుప్పెడు గింజలకు బరువేముంటుంది? ఒత్తుగా లేచాక కింద కలుపుకి ఎండ తగలదు. వేరు బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తుంది. పూత మొదలయ్యే వేళకు, అంటే విత్తిన 45 రోజులకు అటూ ఇటూగా, పీట మీద కూర్చుని కొడవలితో మొదలంటా కోసి, కోసినచోటే పడేస్తాను. వేళ్లు పీకను. అవి లోపలే కుళ్లి నీటికీ గాలికీ దారి వదులుతాయి. జనుముని మాత్రం ఆలస్యం చేయకూడదు. ఎంతైనా నార కోసం పెంచే మొక్క కదా, కాడ ముదిరితే కొడవలికి లొంగదు. నడుం సంగతి తర్వాత, ముందు మణికట్టు పోతుంది.

రెండోది జాలీ గూడు. ఇనుప జాలీని గుండ్రంగా చుట్టి, అడుగు లేకుండా మడి మూల మీదే నిలబెట్టాను. వెళ్లినప్పుడల్లా ఇంట్లోని కూరగాయల తొక్కలు చేతిసంచీలో తీసుకెళ్లి అందులో వేసి, వాటికి రెండింతలు ఎండాకులు పైన కప్పుతాను. నెలలు గడిచేసరికి అదంతా నల్లగా, పొడిపొడిగా, మట్టి వాసన వేస్తుంది. తొక్కల వాసనే ఇంకా వస్తుంటే అవలేదని అర్థం, వదిలేయాలి. అయ్యాక జాలీని పైకి లాగి పక్కన పెట్టి, కుప్పను పొడుగు కర్ర ఉన్న రేక్‌తో ఇటూ అటూ లాగి మడంతా సర్దుతాను. ఇందులో ఎత్తడం అనేదే లేదు, లాగడమే. ఈసారి జాలీ నిలబెట్టేది ఇంకో మూల. ఐదు సెంటీమీటర్ల మందం ఒక్కసారిగా రాదు, నిజమే. ఏటా కొంచెం కొంచెంగా వస్తుంది. నాకేం తొందర?

అట్టలు పరవడంలోనూ మీ వ్యాసం వదిలేసిన సంగతులున్నాయి. టేపు, పిన్నులు పీకేయాలి. మెరుపు కాగితం అంటించిన పెట్టెలు పనికిరావు. ఒక అట్ట మీదికి ఇంకోటి జానెడు ఎక్కాలి, లేకపోతే ఆ సందులోంచే గరిక తల పెడుతుంది. వేసిన వెంటనే బాగా తడపాలి. అట్ట, ఎండాకులు ఏవైనా మొక్క మొదలుకు నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోవాలి, వానల్లో వాటి కింద నత్తలు చేరతాయి కాబట్టి. చెదలున్న నేలలో అట్టల్ని చెక్క గుంజలకు, చెట్ల మొదళ్లకు ఆనించకపోవడం మంచిది. పచ్చిగడ్డి కోసి కప్పేవాళ్లు పలచగా వేసుకోవాలి. మందంగా పోస్తే జిగటగా మారి కంపు కొడుతుంది.

ఒకేసారి తోటంతా బాగు చేయాలని కూర్చుంటే ఎవరికైనా టెన్షనే. ఈ సీజనుకు సాగు చేయలేని భాగాన్ని నల్ల టార్పాలిన్‌తో కప్పి వదిలేయమని అందరూ చెబుతారు. గాలికి లేవకుండా పైన రాళ్లు పెట్టమనీ చెబుతారు. ఆ రాళ్లు ఎవరు మోస్తారు? నేను ఖాళీ లీటరు సీసాలు పట్టుకెళ్లి అక్కడి పంపు దగ్గరే నింపి అంచుల మీద పెడతాను. ఒక్కోటి కిలో బరువు. తీసేటప్పుడు ఆ నీళ్లు మొక్కలకే పోస్తాను. ఎండాకాలంలో పారదర్శక పాలిథిన్ కప్పి కలుపు గింజల్ని ఉడకబెట్టే పద్ధతి కూడా ఉంది, పనిచేస్తుంది కూడా. కానీ దాని అంచులు మట్టిలో పూడ్చాలంటే మళ్లీ పార పట్టాలి. అందుకని నేను దాని జోలికి పోలేదు.

ఇక తుంగ. మీ వ్యాసంలో దీని ఊసే లేదు. తుంగకు అట్ట ఒక అడ్డు కాదు. సూదిలాంటి మొలకతో అట్టనే కాదు, పలచటి ప్లాస్టిక్‌ని కూడా పొడుచుకుని వస్తుంది. అడుగున గడ్డలు దారానికి గుచ్చినట్టు వరసగా ఉంటాయి. గొలుసు తెగనంతవరకూ వాటిలో చాలా గడ్డలు మొలవకుండా ఊరుకుంటాయి. పారతో నరికారో, ముక్క ముక్కా విడిగా లేస్తుంది. తుంగ ఉన్న మడిని తవ్వడమంటే కొరివితో తల గోక్కోవడమే. మొలక పైకొచ్చిన మూడు నాలుగు వారాల్లోనే కింద కొత్త గడ్డలు పెట్టడం మొదలుపెడుతుంది. కాబట్టి అంతకన్నా ముందే నేల మట్టానికి కోసేయాలి, మళ్లీ వస్తే మళ్లీ కోయాలి. గడ్డలో దాచుకున్న తిండి కొత్త ఆకులకు ఖర్చవుతుంటుంది, తిరిగి జమ అయ్యేది ఉండదు. దీనికి నీడంటే గిట్టదు. జనుము ఒత్తుగా పెరిగిన చోట తుంగ ఆకు పాలిపోయి, సన్నబడి కనిపిస్తుంది. ఒక్క సీజనులో పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

మిగతా కలుపుకి పొడుగు కర్ర ఉన్న దోకుడు పార చాలు. నిటారుగా నిలబడితే కర్ర భుజం దాకా రావాలి. పొట్టి కర్ర అంటే వంగడమే, వంగితే నా బోటి వాళ్ల పని అయిపోయినట్టే. అంచును ఆకురాయితో పదును పెట్టుకుని, నేల పైపొర కిందుగా, ఒక సెంటీమీటరు లోతున ముందుకీ వెనక్కీ జరిపితే మొలకలు తెగిపోతాయి. ఎండ కాసే పొద్దుటి పూట చేస్తే సాయంత్రానికి వాడిపోతాయి. కలుపు రెండాకుల మీద ఉన్నప్పుడే ఈ పని హాయి. గంగపాయలను మాత్రం కోసి తడి నేల మీద వదలకూడదు, కాడ ముక్క కూడా వేరు పెట్టుకుని లేస్తుంది. వయ్యారిభామను పూత రాకముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు, గ్లౌజులు వేసుకుని పీకాలి. ఒట్టి చేత్తో ముట్టుకుంటే కొందరికి ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి.

ఉమ్మడి తోటలు నడిపేవాళ్లకు ఒక విన్నపం. కంపోస్టు కుప్పను గేటు దగ్గర పోయించకండి. మడుల మధ్యలో నాలుగు చోట్ల చిన్న కుప్పలుగా పోయిస్తే మాలాంటి వాళ్లు ఐదు లీటర్ల బకెట్‌తో, అదీ ముప్పావు వంతే నింపుకుని తీసుకోగలుగుతాం. కంపోస్టు అమ్మేవాళ్లు 40 లీటర్ల బస్తాలతో పాటు పది లీటర్లలోపు సంచీలు కూడా పెడితే, వాటిని కొనేవాళ్లు నేనొక్కదాన్నే ఉండను.

సంపాదకులు గారూ, వంటల శీర్షికలో ఉప్పెంత, నూనెంత అని వేస్తారు కదా. తోటపని శీర్షికలో కూడా ప్రతి పని పక్కనా ఎంత బరువు ఎత్తాలో, ఎంతసేపు వంగాలో ఒక్క వాక్యం వేయించండి. చేయాలో వద్దో మేమే తేల్చుకుంటాం.

ఇట్లు,
మీ పాఠకురాలు