జొల్లు కారే పిల్లల గురించి కూడా ఒకసారి రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆరోగ్య పేజీలో షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పుల గురించి వారం వారం చదువుతుంటాను, మంచిదే. కానీ సెరిబ్రల్ పాల్సీ (సీపీ, అంటే పసితనంలోనే మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపులో లేకపోవడం) ఉన్న పిల్లల ఇళ్లలో పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా సతాయించే జొల్లు గురించి మాత్రం ఎక్కడా కనపడదు. మా వాడికి ఎనిమిదేళ్లు. వాడి నడక గురించో ఫిట్స్ గురించో అడిగితే డాక్టర్లు ఓపిగ్గా చెప్తారు, జొల్లు సంగతి ఎత్తితే "ఈ పిల్లలకు అది మామూలేలే" అని చీటీ చేతికిస్తారు. మా బంధువులైతే రెండాకులు ఎక్కువే చదివారు, కడుపుతో ఉన్నప్పుడు వాళ్లమ్మ కోరిందేదో తినలేదంట, అందుకే కారుతోందంట!

చాలామంది పిల్లల్లో నోట్లో ఎక్కువ ఊరడం వల్ల వచ్చే బాధ కాదిది. రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం మనందరికీ ఊరుతుంది, తెలియకుండానే గుటకలేసేస్తుంటాం. సీపీ పిల్లలకు పెదాలు మూసి, నాలుకతో వెనక్కి నెట్టి, మింగే పని కుదరదు, దానికితోడు మెడ నిలవదు. కాబట్టి క్లాసులో "నోరు మూసుకో, తుడుచుకో" అని గద్దిస్తే వచ్చేది ఏడుపే. మామూలు పిల్లలకైనా రెండేళ్ల దాకా కారడం సహజం, నాలుగేళ్లు దాటినా ఆగకపోతేనే చూపించాలి.

కూర్చోబెట్టే తీరుతో ఎంత తేడా వస్తుందో నేను కళ్లారా చూశాను. పాదాలు నేలకు ఆని, వీపుకు ఆనుడు ఉండి, బల్ల రొమ్ము దాకా వస్తే వాడి తల ముందుకు వాలదు, చొక్కా చాలాసేపు పొడిగానే ఉంటుంది. ఉన్నట్టుండి జొల్లు పెరిగితే ముందు పిప్పి పళ్లు, ముక్కు దిబ్బడ, టాన్సిల్స్ చూపించుకోవాలి. ఫిట్స్‌కు వాడే క్లోనజెపామ్, క్లోబజామ్ లాంటి మందులతో కూడా పెరగొచ్చు, అలాగని మనంతట మనం ఆపేయకూడదు, ఫిట్స్ ముంచుకొస్తాయి, డాక్టరుతో మాట్లాడాలి.

తగ్గించే మందులు లేకపోలేదు. గ్లైకోపైరోలేట్ సిరప్‌ను 3 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో జొల్లు కోసమే అమెరికాలో 2010లో అనుమతించారు, మన దగ్గర ట్రైహెక్సీఫెనిడిల్ కూడా రాస్తారు. అయితే ఇవి చెమటను కూడా తగ్గిస్తాయి. మే నెలలో మన కడప ఎండ, పైన రేకుల ఇల్లు, కరెంటు పోయిందంటే ఆ పిల్లాడి ఒళ్లు ఎలా చల్లబడాలి? మందు రాసేవాళ్లు ఈ ముక్క గట్టిగా చెప్పాలి, ఎండాకాలంలో మోతాదు గురించి తల్లిదండ్రులు కూడా అడగాలి. మలబద్ధకం, మూత్రం బిగించడం సరేసరి. జొల్లు ఊరడం తగ్గేలా లాలాజల గ్రంథుల్లోకి బొటాక్స్ ఇంజెక్షన్లు కూడా వేస్తారు గానీ పెద్దాసుపత్రులకు పోవాలి, కొన్ని నెలలకు మళ్లీ వేయించాలి. ఆపరేషన్ అన్నిటికన్నా చివర.

నేను టైలర్ని, నా పనికి సంబంధించి ఒక మాట. బజారులో దొరికే బిబ్బులు పసిపిల్లల కొలతవి, వాటి మీద బాతు బొమ్మలు, ఎనిమిదేళ్లవాడికి కడితే తోటి పిల్లలు నవ్వరా? పైన ముదురు రంగు గళ్ల కాటన్, మధ్యలో పాత టవల్ గుడ్డ, అడుగున రెయిన్‌కోటు గుడ్డ వేసి, మెడకు చుట్టుకునే రుమాలులా మూడు మూలలుగా కుట్టండి. తడి పైకి కనపడదు, చొక్కాకు దిగదు. ముడి వద్దు, మెడ వెనక వెల్‌క్రో పెట్టండి, ఎక్కడైనా చిక్కుకుంటే లాగగానే ఊడిపోవాలి. తుడిచేటప్పుడు రుద్దకుండా అద్దండి, గడ్డం కింద కాస్త వ్యాసలీన్ రాయండి, లేకపోతే చర్మం ఒరుసుకుపోయి పుండు పడుతుంది.

ఇంత చేసినా అసలు పని మిగిలే ఉంటుంది. పెదాలు మూయడం, గుటకేయడం అలవాటు చేయించే మనిషి కావాలి, అది స్పీచ్ థెరపిస్టు పని. స్పీచ్ అంటే మాటలు నేర్పడమే అనుకుంటారు అందరూ, మా వాడికి మాటలు రావు కాబట్టి అవసరం లేదన్నవాళ్లు కూడా ఉన్నారు, మింగడం కూడా వాళ్ల చదువులో భాగమే మరి. మాకు దగ్గర్లోని భవిత కేంద్రానికి (ఇలాంటి పిల్లల కోసం విద్యాశాఖ నడిపే కేంద్రం) ఫిజియో వస్తారు, చేతులు కాళ్లు చూస్తారు, నోటి సంగతి చూసేవాళ్లు లేరు.

విద్యాశాఖ అధికారులు ఈ ఉత్తరం చూస్తే మండలానికి కనీసం నెలకు రెండుసార్లయినా స్పీచ్ థెరపిస్టును పంపమని మనవి. అదీ ఫిజియో వచ్చే రోజే పెట్టండి. ఈ పిల్లల్ని ఎత్తుకుని ఆటోలో రావాలి, వచ్చిన ప్రతిసారీ ఇంట్లో ఒకరి కూలి పోతుంది.

ఇట్లు,
ఒక తండ్రి, ప్రొద్దుటూరు, కడప జిల్లా