డ్వాక్రా మీటింగుల్లో పిల్లల ఆరోగ్యం

సంపాదకుడు గారికి,

నమస్కారం. శిశు మరణాల గురించి ఎప్పుడు మాట్లాడినా ఆసుపత్రులు, పరికరాలు, డాక్టర్ల ఖాళీల దగ్గరే చర్చ ఆగిపోతోంది. అవి అవసరమే. కానీ జ్వరంతో ఉన్న బిడ్డను తల్లి ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే అత్తగారి అనుమతి, భర్త ఇచ్చే ఆటో చార్జీ కావాల్సిన ఇళ్లు ఇంకా ఉన్నాయి.

బంగ్లాదేశ్‌లో 1980 నుంచి 1990 దాకా బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ మహిళా కార్యకర్తలు కోటికి పైగా ఇళ్లకు వెళ్లి, విరేచనాలైన పిల్లలకు తాగించే ద్రావణం చేయడం తల్లులకు నేర్పారు: చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర లీటరు నీళ్లు. తల్లికి ఎంత గుర్తుందో తర్వాత పరీక్షించి, దాన్నిబట్టి కార్యకర్తకు డబ్బు కట్టారు. (మన శిక్షణల్లో లెక్కపెట్టేది సంతకాలనే!) మొదట్లో నేర్చుకున్న తల్లులు కూడా పెద్దగా వాడలేదు. అప్పుడు మసీదుల్లో, సంతల్లో మగవాళ్లకీ చెప్పించారు. ఆడపిల్లల చదువు సాగి, పెళ్లి ఆలస్యం కావాలని 1994 నుంచి పల్లెల్లో హైస్కూలు ఆడపిల్లలకు అక్కడి ప్రభుత్వం స్టైపెండ్ ఇచ్చింది. 1990లో పుట్టిన ప్రతి వెయ్యి మందికి 140కి పైగా ఉన్న ఐదేళ్లలోపు పిల్లల మరణాలు ఇప్పుడు 30 దరిదాపుల్లో ఉన్నాయి. టీకాల వాటా కూడా ఇందులో పెద్దదే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు మరణాల సంఖ్య ఆంధ్రప్రదేశ్‌లో 35, కేరళలో 5. ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల మహిళల్లో 18 నిండకముందే పెళ్లయినవారు మన దగ్గర 29 శాతం, అక్కడ 6 శాతం.

మనకు ఊరూరా డ్వాక్రా సంఘాలున్నాయి. మీటింగుల్లో ఎక్కువసేపు అప్పు వాయిదాల టెన్షనే. నెలకో మీటింగు గర్భిణులు, పసిపిల్లల ఆరోగ్యానికి కేటాయించి ఆశా కార్యకర్తను పిలవాలి. భర్తలకు విడిగా చెప్పే ఏర్పాటూ చేయాలి.

- ఒక విశ్రాంత ఏఎన్ఎం, పార్వతీపురం