మధ్యాహ్నం పూట సర్వర్ ఎందుకు ఆగిపోయిందంటే

గుంటూరు మిర్చి యార్డులో మన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడే షాపుల వాళ్లందరికీ నమస్కారమండీ. గత వారం మధ్యాహ్నాలు సర్వర్ ఉన్నట్టుండి ఆగిపోయింది. రైతులు పట్టీల (అమ్మకం బిల్లుల) కోసం నిలబడి ఉండగా అలా జరిగితే మీకెంత ఇబ్బందో తెలుసు. కారణం దొరికింది, ఉన్నదున్నట్టు చెబుతాను.

సాయంత్రం ఆన్ చేస్తే ఏమీ జరగనట్టే నడిచేది. సాఫ్ట్‌వేర్ దెబ్బతింటే మామూలుగా లాగ్‌లో, అంటే సర్వర్ తన పనులన్నీ రాసుకునే ఫైల్లో, ఎర్రర్ పడుతుంది. ఇక్కడ లాగ్ సగంలో తెగిపోయి ఉంది. అంటే కరెంటే అందలేదు. యూపీఎస్ మాత్రం ఆన్‌లోనే ఉంది.

మన సర్వర్‌కి పవర్ సప్లైలు రెండు. ఒకటి పోతే రెండోది లాగాలి. ఒక్కోటే తగిలించి చూశాం. మొదటిదానితో సర్వర్ అసలు లేవలేదు. విప్పితే కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నాయి. రెండోదానితో లేచింది కానీ, లోడు పెట్టిన కాసేపటికే పడిపోయింది. దాని ఫ్యాన్ రెక్కలకీ జాలీకీ మిర్చి దుమ్ము అట్టలు కట్టింది. బ్లోయర్ పెట్టగానే మెకానిక్ కళ్లు మండి బయటికి పరుగెత్తాడు. గాలి ఆడదు, లోడంతా ఒక్కదాని మీదే. వేడి హద్దు దాటగానే కాలిపోకుండా అది తనంతట తనే ఆగిపోతోంది.

దీనికి తోడు కరెంటు పోతే సర్వర్ యూపీఎస్ మీద నడుస్తుంది, ఏసీ నడవదు. తలుపులు మూసిన చిన్న గది, మన ఊరి ఎండలు, ఇక చెప్పేదేముంది! సర్వర్‌లోకి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. ఆ మధ్యాహ్నాల్లో 41 దాకా వెళ్లింది.

పవర్ సప్లైలు రెండూ కొత్తవి వేశాం. ఏసీని జనరేటర్ లైనుకి కలిపాం. గదికి ఫిల్టర్ బిగించాం. మిర్చి సీజన్‌లో వారం వారం కడగాల్సిందే. ఒక సప్లై పోయినా, వేడి పెరిగినా వెంటనే నా ఫోన్‌కి మెసేజ్ వస్తుంది.

ఒక్కటి మిగిలింది. రెండో యూపీఎస్ ఇంకా రాలేదు. అప్పటిదాకా రెండు సప్లైలూ ఒకే యూపీఎస్ మీద ఉంటాయి, అది మొరాయిస్తే సర్వర్ మళ్లీ ఆగుతుంది. వేడికి బ్యాటరీలు కూడా త్వరగా పోతాయి కాబట్టి వాటినీ మార్పిస్తున్నాను.

పాత లెక్కలు భద్రంగా ఉన్నాయి. సర్వర్ ఆగిన క్షణంలో సేవ్ కాని బిల్లు మాత్రం సిస్టమ్‌లో ఉండదు. సగం సగం నమోదు కూడా కాదు. కాబట్టి గత వారం మధ్యాహ్నం బిల్లుల్ని మీ కాటా చీటీలతో ఒకసారి సరిచూసుకోండి. టిక్కీల (మిర్చి బస్తాల) లెక్కలో తేడా కనిపిస్తే చీటీ ఫోటో పంపండి, అదే రోజు ఎక్కించి ఇస్తాం. ఈ నెల చార్జీ సగమే తీసుకుంటాను.