వేడి చేసిందని వదిలేయకు

ఒరేయ్,

నీ మెసేజ్ రాత్రి చూశాను. ఫోన్లో అయితే సగం మర్చిపోతానని రాస్తున్నా. అంకుల్‌కి మూత్రం ఎర్రగా వచ్చిందని, నొప్పీ మంటా లేవని, మర్నాటికి మామూలైపోయిందని, ఆయనేమో "వేడి చేసిందిలే" అని సబ్జా నీళ్ళు తాగుతున్నారని రాశావు చూడు, గుండె ఝల్లుమంది. మా పెదనాన్న కూడా అచ్చం ఇదే మాటన్నాడు.

రెండు నెలలు పోగొట్టుకున్నాం. దగ్గర్లో ఉన్న డాక్టరు ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్స్ రాశాడు, రక్తం ఆగింది, తగ్గిపోయిందనుకున్నాం. మందుకి కాదురా, దానంతట అదే ఆగింది. బ్లాడర్‌లో, అంటే మూత్రం నిలవుండే సంచిలో, క్యాన్సర్ గడ్డ ఉంటే ఇలాగే ఓ రోజు కనపడి వారాలో నెలలో జాడ లేకుండా పోతుందట. నొప్పి లేదంటే ఇంకా జాగ్రత్తపడాలని యూరాలజిస్టు, అదే మూత్రవ్యాధుల డాక్టరు, చెప్పేదాకా మాకు తెలీదు. పైగా పెదనాన్నది నలభై ఏళ్ళ చుట్ట అలవాటు! పొగాకు విషాలను కిడ్నీలు వడగట్టి పంపేది ఆ సంచిలోకే కదా, గంటలకొద్దీ అక్కడే నిలవుంటాయి. అంకుల్ సిగరెట్ మానేసి పదేళ్ళయిందని ధీమా పడకు.

పెదనాన్నకి సీటీ యూరోగ్రామ్ తీశారు, కిడ్నీల నుంచి బ్లాడర్ దాకా చూసే స్కాన్. ముందు కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో తెలియడానికి రక్తంలో క్రియాటినిన్ చూస్తారు, అంకుల్ షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వేసుకుంటుంటే ఆ సంగతి, మందుల ఎలర్జీలు ఉంటే అవీ ముందే చెప్పు. పెదనాన్న చేత కడుపు నిండా నీళ్ళు తాగించారు, బ్లాడర్ నిండితేనే గోడలు విచ్చుకుని గడ్డ కనపడుతుందట. మొదట ఉత్త సీటీ, రాళ్ళుంటే అందులో తెలుస్తాయి. తర్వాత నరానికి కాంట్రాస్ట్, అంటే స్కాన్‌లో తెల్లగా కనపడే మందు, ఎక్కించి కాసేపట్లో కిడ్నీల కోసం ఇంకోసారి, దాదాపు పది నిమిషాలాగి, ఆ మందు మూత్రంలోకి దిగాక మూడోసారి. మందు ఎక్కుతుంటే ఒళ్ళంతా వేడెక్కి పంచెలోనే పోసుకున్నానేమో అని భయపడ్డాట్ట, బయటికొచ్చి నా చెవిలో చెప్పాడు పాపం.

ఆ మూడో బొమ్మ డాక్టరు కంప్యూటర్లో చూపించాడు. బ్లాడర్ అంతా పాలు పోసినట్టు తెల్లగా ఉంది, ఎడమవైపు గోడ దగ్గర మాత్రం జామకాయ కొరికినట్టు చిన్న నల్లటి గాటు. అదే గడ్డ.

ఇక అసలు సంగతి విను. సీటీలో ఏమీ లేదన్నా సిస్టోస్కోపీ చేయించకుండా రాకు. మూత్రం బయటికొచ్చే దారిలోంచి సన్నటి కెమెరా బ్లాడర్‌లోకి పంపి లోపల కళ్ళారా చూస్తారు. పెదనాన్నకి అలా చూస్తే గడ్డే కాదు, పక్కనే గోడకి అంటుకున్న ఎర్రటి మచ్చ కూడా దొరికింది, సీటీలో అది ఆనవాలుకైనా లేదు. పల్చగా పాకే రకం సీటీకి అందదట. మరి సీటీ ఎందుకంటావా, కిడ్నీలు, వాటి నుంచి కిందికొచ్చే గొట్టాలు కెమెరాకి అందవు, అక్కడా గడ్డలుండొచ్చు. రెండూ కావాలి.

అంకుల్ గుండెకి రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారుగా, వాటివల్లే అని ఎవరైనా తేల్చేసినా ఊరుకోకు, పరీక్షలు అడుగు. అలాగని మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. ఇన్ఫెక్షనో ప్రొస్టేటో రాయో అయి ఉండొచ్చు, టెన్షన్ పడకు, కానీ చూపించు.

పెదనాన్నది కండ దాకా పోలేదు, లోపల్నించే గీకి తీసేశారు. మూడు నెలలకోసారి కెమెరాకి వెళ్ళాలి, వెళ్ళే ముందు రోజు ఇంట్లో అందర్నీ తిట్టిపోస్తాడు. శనివారం అపాయింట్‌మెంట్ తీసుకో, పాత స్కానింగ్ రిపోర్టులు మర్చిపోకు. నేనూ వస్తాను, అంకుల్ నీ మాట వినరు, నా మాటైతే వింటారు.

నీ,
పాత బెంచీ నేస్తం