పెన్నుతో గీత గీయమన్న అక్కకి, ఇంకో ఇద్దరికి

ఒంట్లో జ్వరం లేకుండా ఇవాళ్టికి ఐదో రోజు. కూర్చుని రాసే ఓపిక రాగానే చేద్దామనుకున్న మొదటి పని ఇదే.

పిడుదు కరిచిన సంగతే నాకు తెలియదు. గసగసాల గింజంత ఉంటుందట పిల్ల పిడుదు, ఎలా కనపడుతుంది! గడ్డిలో నడిచొచ్చిన తొమ్మిదో రోజున మోకాలి వెనక ఎర్రగా మచ్చ తేలింది. దురద లేదు, నొప్పి లేదు. మొదట చూపించుకున్న చోట అలర్జీ అని పూత మందిచ్చి పంపారు. పిడుదు జబ్బు మచ్చలా వలయాలు వలయాలుగా లేదు కదా, భయం లేదులే అని నేనూ సరిపెట్టుకున్నాను.

అక్కా, ఫొటో చూసి నువ్వొక్కదానివే ఊరుకోలేదు. "అంచు వెంబడి పెన్నుతో గీత గీసి, తేదీ వేసి, రేపు ఇదే వేళకి మళ్లీ పంపు" అన్నావు. రెండు రోజుల్లో మచ్చ గీత దాటేసింది. కరిచిన ఒకటి రెండు రోజులకే దురదతో లేచే దద్దురు సంగతి వేరని, 3 నుంచి 30 రోజుల మధ్య వచ్చి 5 సెంటీమీటర్లు మించి పాకితే పిడుదు కాటుతో సోకే లైమ్ జబ్బేమో చూపించుకోవాలని, వలయాలు చాలామందిలో అసలు రావని చెప్పావు. నువ్వు చెప్పకపోతే ఇంకా ఆ పూత మందే రాసుకుంటూ ఉండేదాన్ని.

రెండో డాక్టరు గారికి దండం పెట్టాలి. రక్తపరీక్షలో ఏమీ లేదని వచ్చినా, ఆ పరీక్ష వెతికే యాంటీబాడీలు (క్రిమితో పోరాడటానికి ఒళ్లు తయారుచేసుకునేవి) తొలి వారాల్లో తయారై ఉండవని చెప్పి, మచ్చను చూసే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. మచ్చ పాలిపోయింది. కానీ చలి, రాత్రిళ్లు దుప్పటి తడిసేంత చెమట, నాలుగు మెట్లెక్కితే ఆయాసం తగ్గలేదు. "మందు పనిచేస్తోంది, అయినా జ్వరం ఉందంటే ఇంకొకటి కూడా ఎక్కి ఉండాలి" అని ఆవిడే అన్నారు. ఒకే పిడుదు రెండు మూడు రకాల క్రిముల్ని మోసుకు రాగలదట. అనాప్లాస్మా అనే బ్యాక్టీరియా అయితే డాక్సీసైక్లిన్‌కే లొంగుతుంది. బబీసియా లొంగదు, అది మలేరియా క్రిమిలాగే ఎర్ర రక్తకణాల్లో దూరే పరాన్నజీవి.

దాన్ని పట్టుకున్నది ల్యాబులోని తమ్ముడు. గాజు పలక మీద రక్తపు చుక్క పరిచి ఎంతసేపు చూశాడో, కణాల్లో దాక్కున్నవాటిని కనిపెట్టి డాక్టరు గారికి వెంటనే ఫోన్ చేశాడు. నీ పేరు అడగడం కూడా మరిచిపోయాను నాయనా. ఆ సాయంత్రమే బబీసియాకి మందులు, అటోవాక్వోన్, అజిత్రోమైసిన్ మొదలయ్యాయి. నాలుగో రాత్రి పొడి దుప్పటిలో నిద్రలేచాను.

వచ్చే వారం రక్తం మరోసారి చూస్తామన్నారు. ఏం తేలినా ముందు మీ ముగ్గురికే చెబుతాను.