మాత్రతో ఆగేది ఒకటి, ఆగనివి ఇంకొన్ని

ఎడిటర్ గారికి,

హెచ్‌ఐవీ ఉన్న గే మగవాళ్లు కండోమ్ మానేస్తున్నారని మొన్న మీ పేపర్లో వచ్చిన ఉత్తరం చదివాను, రాసినాయన దాన్ని బరితెగింపు అన్నారు. నేనూ వాళ్లలో ఒకణ్నే, రోజూ రాత్రి మాత్ర వేసుకుంటాను. మందు మానకుండా వాడి, వైరస్ టెస్టుకి అందనంతగా తగ్గి అలాగే ఉంటే శృంగారం వల్ల అవతలివాళ్లకి సోకదు, ఇదేమీ మేం అల్లిన కబురు కాదు, 2019లో లాన్సెట్ ప్రచురించిన పార్ట్‌నర్-2 అధ్యయనంలో ఒకరికే హెచ్‌ఐవీ ఉన్న 782 మగ జంటలు కండోమ్ లేకుండా కలిసినా భాగస్వామి నుంచి సోకిన కేసు ఒక్కటీ తేలలేదు. అది తెలిశాక కొందరు కండోమ్ మానేశారు, నిజమే. ఇంకొందరు వైరల్ లోడ్ రిపోర్టు, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే కాగితం, ఫోన్లో చూపించి మరీ కలుస్తున్నారు, ఆధార్ కార్డులాగా!

నా టెన్షన్ వేరే. శృంగారంతో సోకే సిఫిలిస్, గనేరియా, హెపటైటిస్ సి ఈ మాత్రకి ఆగవు. కానీ "పెళ్లయిందా బాబూ" అని కౌన్సెలర్ అడగగానే తలూపేసి బయటపడేవాడు, గొంతుకీ మలద్వారానికీ కూడా టెస్టు చేయండని నోరు తెరిచి ఎలా అడుగుతాడు? మన వివరాలు బయటపెట్టకూడదని 2017 హెచ్‌ఐవీ చట్టంలోనే ఉంది, ఆ సంగతి చాలామందికి తెలీదు. తిట్టే ఉత్తరాలకి ఇచ్చిన చోటులో సగం దానికివ్వండి.

– ఒక పాఠకుడు, కోడంబాక్కం, చెన్నై